పట్టభద్ర స్థాయిలో పత్రికారచన – ప్రాచ్య కళాశాలల కర్తవ్యం

పత్రికారచన విద్యయా, వృత్తియా అనే ప్రశ్న తెలుగునాట చిరకాలంగా నలుగుతూనే ఉంది. వృత్తి మాత్రమే అనుకొనేవారు దానిని పత్రికా కార్యాలయంలో, అనుభవజ్ఞుల చెంత కూర్చుండి నేర్చుకొంటే చాలునంటారు. విద్య అనుకొనేవారు దానికొక శాస్త్రం, ఒక పాఠ్యప్రణాళిక, ఒక బోధక వర్గం ఉండాలంటారు. విశ్వవిద్యాలయాలు రెండవ పక్షాన్ని అంగీకరించి ఎంతోకాలమైంది. అయితే ఆ విద్యను ఏ స్థాయిలో, ఏ భాషలో, ఏ ఊళ్ళలో బోధించాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. పట్టభద్రుడైన తరువాత నగరానికి పోయి చదువుకొనే ప్రత్యేక విద్యగా దానిని మిగల్చడమా, లేక డిగ్రీ తరగతుల్లోనే, పెద్దాపురం వంటి పట్టణాల్లోనే, తెలుగులోనే నేర్పడమా అన్నది నేటి విచారణీయాంశం.

ఈ ప్రశ్నతో సంస్కృతాంధ్ర కళాశాలలకు ఏమి సంబంధమని కొందరికి తోచవచ్చు. సంబంధం లేకపోలేదు. డిగ్రీ స్థాయిలో పత్రికారచన తెలుగులో నిలదొక్కుకోవాలంటే భాషాశుద్ధి, ప్రమాణ విచారం, అనువాద శిక్షణ అనే మూడు అంగాలు అత్యావశ్యకం. ఈ మూడింటికీ కావలసిన సామగ్రి ప్రాచ్య కళాశాలల అధ్యాపకుల చేతిలో తరతరాలుగా ఉన్నదే. దానిని వారు అందించకపోతే ఆ కొత్త విద్య నిస్సారమవుతుంది. విద్యార్థుల కోసం ఎదురుచూస్తున్న ప్రాచ్య కళాశాలలు మరింత ఒంటరివవుతాయి.

గోదావరీ తీరంలో పండితులు, పత్రికలు

పండితుడికీ పత్రికకూ చుక్కెదురన్న అభిప్రాయం ఇటీవలిది. గోదావరీ ప్రాంత చరిత్ర అందుకు విరుద్ధమైన సాక్ష్యం చెబుతుంది. కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో ఉపాధ్యాయుడుగా ఉండగా 1874లో వివేకవర్ధనిని ప్రారంభించాడు. తెలుగు పాఠం చెప్పుకొనే ఉద్యోగి అధికారుల అవినీతిని, సంఘ దురాచారాలను అచ్చులో నిలదీయడానికి పూనుకొన్నాడు. చిలకమర్తి లక్ష్మీనరసింహం మనోరమ, దేశమాత పత్రికలను నడిపాడు. మహాభారత, భాగవత, రామాయణాలను ఏకహస్తంగా తెలుగు చేసిన శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రి గ్రాంథిక పక్షపాతి. ఆయనే గౌతమి, కళావతి, వజ్రాయుధం పత్రికలకు నిర్వాహకుడు కూడా. సంప్రదాయ వైదిక కుటుంబంలో పుట్టి పెరిగిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ప్రబుద్ధాంధ్రను నడిపాడు. భాషా విషయంలో వీరందరిదీ ఒకే మార్గం కాదు. పత్రికను పాండిత్యానికి తక్కువైన పనిగా ఎంచకపోవడంలో మాత్రం వీరిది ఒకే మార్గం.

ప్రాచ్య కళాశాలలో చదివి పత్రికల్లో స్థిరపడినవారికి తిరుమల రామచంద్ర జీవితం చక్కని దృష్టాంతం. తిరుపతి ప్రాచ్య కళాశాలలో సంస్కృతం అభ్యసించిన ఆయన మీజాన్, ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక వంటి పత్రికల్లో పనిచేశాడు. లిపిని గురించీ, పదాల పుట్టుపూర్వోత్తరాలను గురించీ ఆయన రచనలు పత్రికా పాఠకుడికీ అర్థమయ్యాయి, పరిశోధకుడికీ పనికివచ్చాయి. ఆయన ఆత్మకథ ‘హంపీ నుంచి హరప్పా దాక’కు కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం లభించింది. శాసనభాషా పరిశోధకుడైన బూదరాజు రాధాకృష్ణ ఈనాడు జర్నలిజం పాఠశాలకు ప్రధానాచార్యుడై కొత్త తరం విలేకరులకు తెలుగు రాయడం నేర్పాడు. పత్రికా కార్యాలయానికి భాషావేత్త అవసరం పడిందన్నదానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

పండితులు పత్రికకు దూరమైన చోట ఏమి జరిగిందో కూడా ఈ ప్రాంతమే చూపుతుంది. 1911లో మద్రాసులో స్థాపితమై తరువాత కాకినాడకు తరలివచ్చిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథిక పక్షానికి ఆలంబనగా నిలిచింది. గిడుగు రామమూర్తి 1919లో ‘తెలుగు’ అనే పత్రికతో వ్యావహారిక వాదాన్ని ప్రచారం చేశాడు. ఈ వాదం పరిషత్సభల్లో ఎన్ని మలుపులు తిరిగినా, చివరకు తీర్పు వెలువడింది దినపత్రికల సంపాదక కార్యాలయాల్లో. ఆనాటి పండితులు దినపత్రికలో ప్రవేశించి ఉంటే వ్యావహారికానికి కూడా ఒక నియమబద్ధమైన వ్యాకరణం మరింత త్వరగా ఏర్పడి ఉండేది. వారు వెలుపల నిలిచి తప్పులు ఎంచడంతో తృప్తిపడ్డారు. ఫలితంగా తెలుగు వార్తాభాషకు ఆంగ్లవాక్యమే మూస అయింది.

విశ్వవిద్యాలయాల్లో పత్రికా విద్య

ప్రపంచంలో మొట్టమొదటి పత్రికారచన పాఠశాలగా పేరొందినది అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయంలో 1908లో ప్రారంభమైంది. కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా ఆరంభించినదీ ఆ సంవత్సరమే. మిస్సోరిలో తరగతులు మొదలైన రోజునే, అనగా 1908 సెప్టెంబరు 14న, విద్యార్థులు రాసి కూర్చిన పత్రిక కూడా వెలువడింది. ఆ పాఠశాల పట్టభద్ర స్థాయి విద్యార్థుల కోసమే ఏర్పడింది. వయస్సులో చిన్నవారికి, ఇతర శాస్త్రాలు చదువుకొంటున్న దశలోనే, నిజమైన ఊరి నిజమైన వార్తలు అప్పగించడం దాని పద్ధతి. న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో 1912లో తెరచిన పాఠశాల మొదట అదే తోవలో నడిచినా, 1935 నాటికి పట్టభద్రులకు మాత్రమే పరిమితమైంది. తరువాత వచ్చిన సంస్థలన్నీ ఈ రెండు మార్గాల్లో ఏదో ఒకదాన్ని అనుసరించినవే.

భారతదేశంలో 1941లో లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయంలో పి.పి. సింగ్ నెలకొల్పిన శాఖతో ఈ విద్యకు విశ్వవిద్యాలయ స్థాయి స్థిరపడింది. మద్రాసు, కలకత్తా, మైసూరు విశ్వవిద్యాలయాలు, నాగపూరులోని హిస్లాప్ కళాశాల తరువాతి కాలంలో ఆ దారి పట్టాయి. తెలుగు ప్రాంతంలో 1954లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పత్రికారచన శాఖను ఆరంభించింది. అక్కడ బి.జె. అనే పట్టా పేరుకు బాచిలర్ పట్టా అయినా, అప్పటికే డిగ్రీ పూర్తిచేసినవారికి ఇచ్చేది. 1965లో ఢిల్లీలో ఏర్పడిన భారతీయ జనసంచార సంస్థ కూడా పట్టభద్రులకే శిక్షణ ఇచ్చింది. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం ఈ విద్యను తెలుగులో చెప్పడానికి చేసిన కృషి ప్రశంసనీయం. ఆ విశ్వవిద్యాలయానికి తెలంగాణ ప్రభుత్వం 2025లో గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టడం ఔచిత్యవంతంగానే ఉంది.

ఈ సంప్రదాయం ఎందరో సమర్థులను తయారుచేసింది. అయినా దానిలో ఒక పరిమితి ఉంది. డిగ్రీ పూర్తిచేసి, మరి ఒకటి రెండేళ్ళు నగరంలో ఉండి చదవగల స్తోమత ఉన్నవారికే అది అందుబాటులో ఉంటుంది. తెలుగు పత్రికలకు పల్లె వార్తలు పంపుతున్నవారిలో అత్యధికులు ఆ దారిన వచ్చినవారు కారు. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు ఏర్పడ్డాయి. తరువాత దినపత్రికలు జిల్లా సంచికలు వెలువరించసాగాయి. మండలానికొక విలేకరి అవసరం అయ్యాడు. ఆ విలేకరికి జీతం నామమాత్రం, శిక్షణ అంతకంటె తక్కువ. భారతీయ భాషా పత్రికల విప్లవాన్ని గురించి 2000లో వెలువడిన గ్రంథంలో రాబిన్ జెఫ్రీ ఈ స్థానిక వార్తల వ్యూహాన్ని విశేషంగా పరిశీలించాడు. పత్రికలు ఊళ్ళకు చేరినంత వేగంగా పత్రికా విద్య ఊళ్ళకు చేరలేదు.

పెద్దాపురం దృష్టితో చూచినప్పుడు

పెద్దాపురం వార్తలకు కరవున్న ఊరు కాదు. వత్సవాయి ప్రభువుల సంస్థానానికి రాజధానిగా ఉండి, 1915 నుంచి పురపాలక సంఘం కలిగి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన కాకినాడ జిల్లాలో రెవిన్యూ డివిజన్ కేంద్రంగా ఉన్న పట్టణమిది. పట్టునేత ఉంది, ఆషాఢమాసంలో మరిడమ్మ జాతర ఉంది, పాండవుల మెట్ట ఉంది, ఏలేరు నీటితో ముడిపడిన వ్యవసాయం ఉంది, న్యాయస్థానాలు ఉన్నాయి. మహారాణి కళాశాల ఉంది. ఏలేరు జలాశయానికి భూములు కోల్పోయినవారి పరిహార వ్యాజ్యాలు పెద్దాపురం న్యాయస్థానంలో నడిచి, 1990ల దశకంలో రాష్ట్రమంతటా చర్చకు విషయమయ్యాయి. అటువంటి వ్యవహారాన్ని పాఠకుడికి విప్పి చెప్పాలంటే భూసేకరణ పత్రం చదవగలగాలి, తీర్పులోని వాక్యం అన్వయించగలగాలి, ఎకరాల లెక్కలు సరిచూడగలగాలి. ఎవరో చెప్పినమాట రాసుకొని పంపితే సరిపోదు.

ఇట్టి ఊరిలో ఇంటర్మీడియట్ పూర్తిచేసి, పత్రికారచన చదవాలన్న కోరిక కలిగిన విద్యార్థికి ఇంతవరకు కనిపిస్తున్న తోవ విశాఖపట్టణమో, హైదరాబాదో. చేనేత కుటుంబం నుంచి, కౌలురైతు కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థికి, విశేషించి విద్యార్థినికి, ఆ తోవ తెరచి ఉన్నట్లు కనిపించే మూసిన తలుపు. కాకినాడ సుమారు 20 కిలోమీటర్లు, రాజమహేంద్రవరం సుమారు 45 కిలోమీటర్లు. రాజమహేంద్రవరం సమీపాన బొమ్మూరులో తెలుగు విశ్వవిద్యాలయ సాహిత్యపీఠం వెలసింది. 2006లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. విద్యాసంస్థలు దగ్గరలోనే ఉన్నప్పుడు ఈ విద్య మాత్రం దూరంగా ఉండవలసిన అగత్యం లేదు.

డిగ్రీ స్థాయిలో ఏమీ జరగలేదనడం న్యాయం కాదు. ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి 2020-21లో ప్రవేశపెట్టిన పాఠ్యప్రణాళికలో వార్తారచన ఒక నైపుణ్యాభివృద్ధి కోర్సుగా చేరింది. దానికి కేటాయించినది 30 గంటలు, 2 క్రెడిట్లు. సామాన్య తెలుగులోని ‘సృజనాత్మక రచన’ పత్రంలో ముద్రణ మాధ్యమానికి, ప్రసార మాధ్యమానికి రాయడం గురించి రెండు విభాగాలు వచ్చాయి. సంకల్పం మంచిది, కాలం చాలదు. 30 గంటల్లో వార్త నిర్వచనం, పత్రికల చరిత్ర, శీర్షికల రకాలు చెప్పి ముగించడమే అవుతుంది. విద్యార్థి ఒక వార్తను సేకరించి, రాసి, తప్పు దిద్దించుకొని, మళ్ళీ రాసే అవకాశం ఉండదు. ఈత గురించి ఒడ్డున ఉపన్యాసం విన్నవాడు కాలువ దాటలేడు.

దీనికి తోడు మాధ్యమ సమస్య. 2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఆంగ్లమాధ్యమంలోనే నడపాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్ణయించింది. ఇతర శాస్త్రాల విషయంలో ఆ నిర్ణయపు గుణదోషాలు ఎట్లున్నా, పత్రికారచన విషయంలో దాని పర్యవసానం విచిత్రం. తెలుగు పాఠకుడి కోసం తెలుగులో రాయవలసిన విద్యార్థి, ఆ రాతను గురించి ఆంగ్లంలో చదివి ఆంగ్లంలో పరీక్ష రాయాలి. భాషే సాధనమైన విద్యను ఆ భాషకు వెలుపల నేర్పడం, వీణను బొమ్మ గీసి నేర్పడం వంటిది. ఏ మాధ్యమ విధానం అమలులో ఉన్నా, తెలుగు పత్రికారచన అనే పాఠ్యాంశానికి తెలుగే మాధ్యమంగా ఉండాలని భాషాధ్యాపకులు పట్టుబట్టడం సమంజసం.

శాస్త్రాలు ఇవ్వగలిగినది

సమస్తమూ ప్రాచీన శాస్త్రాల్లోనే ఉన్నదనే అతిశయోక్తి ఇక్కడ ఉద్దేశించినది కాదు. ముద్రణ, విద్యుత్తు, ఎన్నికలు, సమాచార హక్కు – ఇవన్నీ ఆధునికాలు. వాటి పాఠం ఆధునికంగానే ఉండాలి. అయితే పత్రికారచనలోని మౌలిక వ్యాపారాలు రెండు: జరిగినదాన్ని నిశ్చయంగా తెలుసుకోవడం, తెలుసుకొన్నదాన్ని సందేహం లేకుండా చెప్పడం. ఈ రెండింటినీ వ్యాకరణ, న్యాయ, మీమాంసా శాస్త్రాలు లోతుగా విచారించాయి.

మొదట వ్యాకరణం. తెలుగు వార్తల్లో ‘పనులు నిలిపివేయబడ్డాయి’, ‘దరఖాస్తులు తిరస్కరించబడ్డాయి’ వంటి వాక్యాలు కోకొల్లలు. ఇవి తెలుగు నుడికారానికి విరుద్ధమని పండితులు ఆక్షేపించారు. ఆ ఆక్షేపణ సత్యమే గాని అంతటితో ఆగడం తగదు. ఈ వాక్యాల్లో పోయినది నుడికారం ఒక్కటే కాదు, కర్త కూడా. పనులు నిలిపినవాడెవడు? దరఖాస్తు తిరస్కరించిన అధికారి ఎవడు? కర్తృలోపం వ్యాకరణంలో ఒక ప్రయోగభేదం. వార్తలో అది బాధ్యతాలోపం. ఈ సంగతి విద్యార్థికి ఒక్కసారి బోధపడితే కారకపాఠం బట్టీయం పట్టవలసిన జాబితాగా మిగలదు.

పత్రికారచన పాఠాలన్నీ ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎలా అనే ఆరు ప్రశ్నలతో మొదలవుతాయి. వైయాకరణులు చెప్పిన కారకాలూ ఆరే. సంఖ్యాసామ్యం యాదృచ్ఛికం, భేదమే బోధకం. కర్త, కర్మ, కరణం, అధికరణం ఆ ప్రశ్నల్లో చాలావాటికి సరిపోతాయి. సంప్రదానం, అపాదానం మాత్రం ఆ జాబితాలో లేని రెండు ప్రశ్నలను జోడిస్తాయి: ఎవరికి చేరింది, ఎవరి నుంచి పోయింది. భూసేకరణ వార్తలో, సంక్షేమ పథకం వార్తలో, ఇసుక రవాణా వార్తలో అడగవలసిన అసలు ప్రశ్నలు ఈ రెండే. ఇక ‘ఎందుకు’ అనే హేతువును వైయాకరణులు ఆరు కారకాల్లో చేర్చలేదు. దాని విభక్తిని వేరుగా విధించారు. హేతువు క్రియలో కంటికి కనిపించేది కాదు, విచారించి స్థాపించవలసినది. ప్రమాదం జరిగిన గంటలోనే కారణం తేల్చి రాసే తొందరపాటుకు ఇది మంచి హెచ్చరిక.

తరువాత న్యాయశాస్త్రం. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అనే ప్రమాణ చతుష్టయం ప్రాచ్య విద్యార్థికి సుపరిచితం. విలేకరి జీవితమంతా శబ్దప్రమాణం మీద ఆధారపడింది; తాను చూచినది స్వల్పం, విన్నది అధికం. అందువల్ల ఆప్తుడెవరన్న ప్రశ్న అతడికి నిత్యానుభవం. విషయాన్ని సాక్షాత్తుగా ఎరిగి, ఎరిగినది ఎరిగినట్లు చెప్పగోరేవాడే ఆప్తుడని వాత్స్యాయన భాష్యం తాత్పర్యం. ఆ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానమేనని కూడా ఆ భాష్యం అంగీకరించింది. అంటే ఆప్తత్వం పదవిని బట్టి రాదు. వరద నీటిలో నిలిచిన కూలీ, నీటిమట్టం విషయంలో జిల్లా కార్యాలయంలో కూర్చున్న అధికారి కంటె ఆప్తుడు కావచ్చు. 2024 సెప్టెంబరులో ఏలేరు పొంగినప్పుడు ఈ భేదం ఎంత విలువైనదో ఆ పరీవాహక ప్రాంత ప్రజలకు తెలిసినదే.

మీమాంస విషయం మరింత ఆసక్తికరం. తాత్పర్య నిర్ణయానికి మీమాంసకులు చెప్పిన లింగాల్లో అపూర్వత ఒకటి, అర్థవాదం మరొకటి. ఇతర ప్రమాణాల చేత అంతకుముందు తెలియనిది అపూర్వం; వార్తకు అంతకంటె పొందికైన లక్షణం దొరకదు. విధిని మెచ్చుకొనే స్తుతివాక్యం అర్థవాదం. ప్రభుత్వ ప్రకటన, కంపెనీ ప్రకటన చేతికి వచ్చినప్పుడు అందులో విధి ఏది, స్తుతి ఏది అని విడదీయడమే ఉపసంపాదకుడి మొదటి పని. రెండు పుటల ప్రకటనలో మంజూరైన మొత్తం, పని గడువు, బాధ్యుడైన అధికారి మూడు వాక్యాల్లో ఉంటే, మిగిలినది అర్థవాదమే. ఈ విభజన తెలిసిన విద్యార్థి స్తుతిని వార్తగా అచ్చువేయడు.

అనువాద విద్య

తెలుగు పత్రికా కార్యాలయంలో రోజూ జరిగే పనిలో అధిక భాగం అనువాదం. వార్తాసంస్థల కథనాలు, ప్రభుత్వ ఉత్తర్వులు, ఉన్నత న్యాయస్థానాల తీర్పులు ఎక్కువగా ఆంగ్లంలోనే వస్తాయి. ఈ విద్యకు పెద్దాపురమే ఒక పాఠశాల. పెద్దాపుర సంస్థానంతో ముడిపడిన ఏనుగు లక్ష్మణకవి భర్తృహరి సుభాషితాలను తెలుగు చేసి చిరకీర్తి పొందాడు. అవే శ్లోకాలను ఏలకూచి బాలసరస్వతి, పుష్పగిరి తిమ్మన కూడా అనువదించారు. ఒకే మూలం, ముగ్గురు అనువాదకులు, మూడు పరిష్కారాలు. ఏది మూలానికి సన్నిహితం, ఏది తెలుగుకు సన్నిహితం, ఏది అనవసరమైన మాట చేర్చింది, ఏది ఆవశ్యకమైన మాట విడిచింది అని తరగతిలో పోల్చి చూపడం ప్రాచ్య అధ్యాపకులకు అలవాటైన పాఠం. లక్ష్మణకవి పద్యాలు జనం నోళ్ళలో ఎక్కువగా నిలవడానికి కారణమేమిటన్న చర్చ, సామాన్య పాఠకుడికి రాయడమంటే ఏమిటన్న చర్చే.

ఆ పాఠం తరువాత అదే తరగతిలో ఒక తీర్పు భాగాన్నో, ఒక బడ్జెట్ ప్రసంగ భాగాన్నో ముగ్గురు విద్యార్థుల చేత అనువదింపజేసి అదే విధంగా పోల్చవచ్చు. యంత్రానువాదం చేతికందిన ఈ రోజుల్లో ఈ శిక్షణ అవసరం తగ్గలేదు, పెరిగింది. యంత్రం క్షణంలో తెలుగు వాక్యాలు ఇస్తుంది. వాటిలో కర్త మారిందా, నిషేధం జారిందా, ‘లక్ష’ ‘మిలియన్’ తారుమారయ్యాయా అని పట్టుకోగలిగేది రెండు భాషల అన్వయం తెలిసిన మనిషే.

ఆక్షేపణలు, సమాధానాలు

పత్రికలు నడుపుతున్న పాఠశాలలు ఉండగా విశ్వవిద్యాలయం ఎందుకన్నది ఒక ఆక్షేపణ. ఆ పాఠశాలల సేవ గణనీయం. తెలుగు వార్తాభాషకు కొంత స్థిరత్వం వచ్చినది వాటి వల్లనే. అయితే అవి తమకు కావలసిన కొద్దిమందిని ఎంచుకొని, తమ శైలిలో తీర్చుకొంటాయి. యజమాని ప్రయోజనాన్ని ప్రశ్నించడం యజమాని పాఠశాలలో నేర్పే పాఠం కాదు. ఆ స్వాతంత్ర్యం కళాశాలకే ఉంటుంది.

ఉద్యోగాలు లేవన్నది రెండవ ఆక్షేపణ. ఇది బలమైనది, దాటవేయదగనిది. 2020లో కోవిడ్ వ్యాధి కాలంలో తెలుగు దినపత్రికల జిల్లా సంచికలు చిక్కిపోయాయి, అనేకులు ఉపాధి కోల్పోయారు. కాబట్టి పత్రికారచన ఒక్కటే చదివించి విద్యార్థిని వీధిలో నిలపడం అన్యాయం. దానిని తెలుగు, సంస్కృతం, చరిత్ర, అర్థశాస్త్రం వంటి ప్రధానాంశానికి జతగా చదివించాలి. 2023-24 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అమలైన ఏక ప్రధానాంశ విధానంలో ఉపాంశానికి చోటుంది. ఆ చోటును ఈ విద్యకు వినియోగించుకోవచ్చు. చదివినవారందరూ విలేకరులు కారు; అనువాదకులు, ప్రచురణ సంస్థల పరిష్కర్తలు, ఉపాధ్యాయులు కావచ్చు. భాషాప్రవీణ పట్టాకు పాఠశాలలో పండిత పదవి ఒక్కటే గమ్యమైన కాలం ముగిసిపోయింది. ఆ పట్టాల తరువాతి తరానికి మరొక తోవ చూపడం అధ్యాపకుల ధర్మం.

పద్దెనిమిదేళ్ళవారికి లోకజ్ఞానం చాలదన్నది మూడవది. లోకజ్ఞానం తరగతి గదిలో నిరీక్షిస్తే రాదు. పురపాలక సమావేశంలో మూడు గంటలు కూర్చుని, తీర్మానాలు అర్థం చేసుకొని, వంద మాటల్లో రాసినప్పుడు వస్తుంది. మిస్సోరి విద్యార్థులు 1908లో చేసినది ఇదే.

నాలుగవ ఆక్షేపణ పండితులది: పత్రికల భాష భ్రష్టమైనది, దానిని కళాశాలకు తెస్తే కళాశాల భాష కూడా చెడుతుందని. రోగి ఉన్నాడని వైద్యుడు ఇల్లు విడిచి పోడు. వార్తాభాషలో దోషాలుంటే వాటిని దిద్దే స్థానం కళాశాల. ఆ పని చేయాలంటే అధ్యాపకుడు నేటి పత్రికను రోజూ చదవాలి, దాని భాషలో దోషమేదో, కొత్త అవసరం కల్పించిన కొత్త ప్రయోగమేదో వేరుచేయగలగాలి. ప్రతి కొత్త మాటనూ అపశబ్దమనడం పాండిత్యం కాదు. పల్లె విలేకరి వాడే ‘మేట’, ‘గండి’, ‘దమ్ము’ వంటి మాటల్లో నిఘంటువులకు అందని సూక్ష్మార్థాలున్నాయి. వాటిని పోగుచేయడం ప్రాచ్య పరిశోధకుడికి లాభమే.

అమలుకు దారి

ఈ విద్యను ఆరంభించడానికి భారీ భవనాలు, యంత్రాలు అక్కరలేదు. మొదటి సంవత్సరం భాష: వాక్యనిర్మాణం, కారకాన్వయం, సంక్షేపం, దోషపరిష్కారం. రెండవ సంవత్సరం ప్రమాణం: సాక్షిని ప్రశ్నించడం, పత్రాలు చదవడం, లెక్కలు సరిచూడడం, దానితోపాటు చట్టం. 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం దరఖాస్తు రాయడం ప్రతి విద్యార్థికీ తెలియాలి. 1867 నాటి ముద్రణ చట్టం స్థానంలో వచ్చిన 2023 నాటి పత్రికల నమోదు చట్టం, పరువునష్టం, న్యాయస్థాన ధిక్కారం – వీటిని తెలుగు పరిభాషలో బోధించాలి. మూడవ సంవత్సరం అనువాదం, క్షేత్రకార్యం.

క్షేత్రకార్యానికి 2020-21 ప్రణాళిక విధించిన పది నెలల అభ్యాస శిక్షణ సదవకాశం. ఆ కాలాన్ని సంతకాల కాగితాలతో గడపక, విద్యార్థుల చేత నెలకొక స్థానిక పత్రిక వెలువరింపజేయాలి. నాలుగు పుటలు చాలు. పట్టు మగ్గాల స్థితి, కాలువల చివరి భూములకు నీరు, జాతర పారిశుధ్యం, పురపాలక సంఘ పద్దులు – ఈ నాలుగు విషయాలు ఏడాదిపాటు విడువకుండా అనుసరిస్తే పెద్దాపురానికి మేలు, విద్యార్థికి మేలు. అనుభవజ్ఞులైన స్థానిక విలేకరులను అతిథి బోధకులుగా ఆహ్వానించాలి. వారికీ తరగతుల్లో కూర్చుండే వీలు కల్పించాలి. పరీక్ష కూడా మారాలి. ‘పత్రికల ప్రయోజనములను వివరింపుము’ అన్న ప్రశ్నకు బదులు, దోషాలతో కూడిన ఒక వార్తను ఇచ్చి దిద్దమనాలి; ఏ వాక్యానికి ఏ ప్రమాణం ఉందో చెప్పమనాలి.

పరిశోధన విషయంలోనూ పని మిగిలే ఉంది. రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయంలో, వేటపాలెంలోని సారస్వత నికేతనంలో పాత పత్రికల సంచికలున్నాయి. కాగితం పొడి కాకముందే వాటిని ఆధారం చేసుకొని వార్తావాక్య పరిణామాన్ని, కర్మణి ప్రయోగ వ్యాప్తిని, పారిభాషిక పదాల పుట్టుకను పరిశీలించే సిద్ధాంత గ్రంథాలు రావాలి. ప్రబంధ వర్ణనల మీద పునరుక్తంగా వెలువడే పరిశోధనల కంటె ఇవి ఎక్కువ ప్రయోజనకరం.

ప్రాచ్య విద్యకు ప్రజలతో సంబంధం తెగిపోయిందన్న నింద తరచుగా వినబడుతున్నది. దానికి ప్రతినింద సమాధానం కాదు. కర్త ఎవరో చెప్పకుండా వాక్యం ముగించరాదని, ఆప్తుడో కాదో తెలియకుండా మాట నమ్మరాదని, స్తుతిని విధి అనుకోరాదని శతాబ్దాలుగా బోధిస్తున్న కళాశాలలు, ఆ బోధను మండల కేంద్రంలోని యువ విలేకరికి చేరవేయగలిగినప్పుడు ఆ నింద తనంతట తానే తొలగిపోతుంది. అంతవరకు వార్తలు రాయబడుతూనే ఉంటాయి. వాటిలో కర్త మాత్రం కనబడడు.